ఆవకాయకు విమానం, గ్రానైట్‌కు ఓడ

విదేశాలకు పోయే సరుకు విమానం ఎక్కాలా, ఓడ ఎక్కాలా అన్నది రెండు ప్రశ్నల దగ్గర తేలిపోతుంది. కిలో ఎంత చేస్తుంది? ఎన్నాళ్లు ఆగుతుంది? మిగతావన్నీ ఆ తర్వాతి లెక్కలు. ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం రీత్యా 80 శాతానికి పైగా సముద్రం మీదే సాగుతుంది. విమానాల్లో పోయేది ఒక శాతం కూడా ఉండదు. విలువ కట్టి చూస్తే మాత్రం ఆ చిటికెడు సరుకే మొత్తంలో దాదాపు మూడో వంతు.

హైదరాబాద్ శివారు అల్మాస్‌గూడ పేరులోని అల్మాస్ అంటే ఉర్దూలో వజ్రం. గోల్కొండ సుల్తానుల కాలంలో వజ్రాల పొట్లమైనా, మచిలీపట్నం రేవు చేరిన కలంకారీ బట్టల మూటైనా ఓడలోనే సముద్రం దాటేది. వేరే దారి లేదు. ఇవాళైతే పొట్లం విమానం ఎక్కుతుంది, మూటలు ఓడకే పోతాయి. హైదరాబాద్ ఆగ్నేయ శివారులో, బాలాపూర్ పక్కనున్న అల్మాస్‌గూడకు శంషాబాద్ విమానాశ్రయం దగ్గరే. సముద్రం మాత్రం రోడ్డున 300 కిలోమీటర్ల పైమాట.

ఈ ప్రాంతపు ఇళ్ల నుంచి అమెరికాకు పోయే సరుకంటే ముందుగా పచ్చళ్లూ, పిండివంటలూ. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కొరియర్ కౌంటర్ల మీద తూకం పక్కనే కొలత టేపు కూడా ఉంటుంది. విమానంలో బరువు ఎంత ఖరీదో చోటూ అంతే ఖరీదు. అందుకే పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి, కొరియర్లు సాధారణంగా 5000తో, ఎయిర్ కార్గో సంస్థలు 6000తో భాగిస్తాయి. వచ్చిందే వాల్యూమెట్రిక్ బరువు. అసలు బరువు, ఈ బరువు - రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. మూడు వైపులా 40 సెంటీమీటర్లున్న అట్టపెట్టెలో జంతికలు, పూతరేకులు సర్ది తూచితే 5 కిలోలే రావచ్చు. బిల్లు మాత్రం 12.8 కిలోలకు పడుతుంది. అదే 30 సెంటీమీటర్ల పెట్టెలో 12 కిలోల ఆవకాయ పెడితే కొలత ప్రకారం వచ్చేది 5.4 కిలోలే కాబట్టి తూకమే లెక్క. పూతరేకులతో పంపేది సగం గాలే, ఆ గాలికీ కిరాయి తప్పదు.

గాలి మరో పేచీ కూడా పెడుతుంది. విమానం బాగా ఎత్తున ఎగురుతున్నప్పుడు సామాను అరలో పీడనం సుమారు 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతకు తగ్గవచ్చు. హైదరాబాద్‌లో సీలు చేసిన ప్యాకెట్‌లో మిగిలిన గాలి అక్కడ నాలుగో వంతు దాకా ఉబ్బుతుంది. అతుకు ఎక్కడ బలహీనంగా ఉంటే నూనె అక్కడ బయటికొస్తుంది. పచ్చడి ప్యాకెట్లలో గాలి పీల్చేసి, రెండు మూడు కవర్లు తొడిగి, ఆపైన టేపు చుట్టేది ఇందుకే.

సుంకాల సంగతికొస్తే, 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికా ఇస్తూ వచ్చిన మినహాయింపు 2025 ఆగస్టు 29తో అన్ని దేశాలకూ పోయింది. తినే సరుకు గురించి సాధారణంగా అక్కడి ఆహార, ఔషధ సంస్థకు ముందుగా సమాచారం ఇవ్వాలన్న నిబంధన అంతకు ముందునుంచీ ఉంది.

ఓడ లెక్క వేరు. అక్కడ కొలత ఘనపు మీటరు. ఒక ఘనపు మీటరుకు గానీ, టన్నుకు గానీ, ఏది ఎక్కువైతే దానికి కిరాయి. ఎయిర్ కార్గోలో ఘనపు మీటరు చోటును 167 కిలోలుగా లెక్కకడతారు, ఓడలో 1,000 కిలోలుగా. బరువైన సరుకుకు ఓడ ఎంత చవకో ఈ రెండు అంకెల్లోనే ఉంది. ఇరవై అడుగుల కంటైనర్‌లో 33 ఘనపు మీటర్ల చోటుంటుంది. అంత సరుకు లేనివారు నలుగురితో కలిసి ఒకే కంటైనర్ పంచుకోవచ్చు, దాన్నే ఎల్‌సీఎల్ అంటారు. కాకపోతే నలుగురి సరుకూ చేరేదాకా ఆగాలి, అటువైపు విడదీసేదాకా మళ్లీ ఆగాలి. రేవు లేని హైదరాబాద్‌కు సనత్‌నగర్‌లోని ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపో లాంటివే రేవులు. కస్టమ్స్ పని అక్కడే ముగించి పెట్టెను ముంబయి దగ్గరి నవాశేవా వంటి రేవుకు చేరుస్తారు. అమెరికా తూర్పు తీరం చేరేసరికి నెలా నెలన్నర. విమానమైతే కస్టమ్స్‌తో కలిపి వారం, పది రోజులు.

ఆ నెలన్నరా సరుకు మీద పెట్టిన డబ్బు నీళ్ల మీదే ఉంటుంది, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పగటి వేడికి కంటైనర్‌లో లేచిన తేమ రాత్రి రేకు కప్పుకు పట్టి చినుకుల్లా రాలి అట్టపెట్టెలను నానబెడుతుంది. కాగితాల్లోనూ తేడా ఉంది. ఓడ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ సరుకు మీద హక్కు పత్రం. దాన్ని చేతులు మార్చి సరుకును దారిలోనే అమ్మవచ్చు. ఎయిర్‌వే బిల్లు రశీదు మాత్రమే. దారిలో చిక్కులూ ఓడకే ఎక్కువ. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ అడ్డం పడి సూయజ్ కాలువ ఆరు రోజులు మూతపడింది. 2023 చివర ఎర్రసముద్రంలో నౌకలపై దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా కొసను చుట్టి వెళ్లాయి, ప్రయాణానికి పది రోజులో, అంతకంటే ఎక్కువో కలిశాయి. అయినా టన్ను సరుకును కిలోమీటరు మోయడానికి విమానం వదిలే కార్బన్ డయాక్సైడ్ ఓడ కంటే పదుల రెట్లు ఎక్కువ.

కరీంనగర్ గ్రానైట్ దిమ్మెలు రైలెక్కి కాకినాడ రేవుకు పోతాయి. వాటికి విమానం ఊహకైనా అందదు. ఇక అత్యవసరపు కోవిడ్ టీకాకు ఓడ పనికిరాదు. 2021 జూన్ 1 తెల్లవారుజామున రష్యా నుంచి 56.6 టన్నుల స్పుత్నిక్-వి టీకాలు ప్రత్యేక విమానంలో శంషాబాద్‌లో దిగాయి. వాటిని మైనస్ 20 డిగ్రీల దగ్గర కాపాడాలి, గంట ఆలస్యానికీ భయపడే సరుకు. మామూలు మాత్రల పెట్టెలకు ఆ తొందర లేదు, అవి ఓడల్లోనూ పోతాయి.

ఎటూ తేలనిది మామిడి. అమెరికాకు పంపాలంటే పండుకు ముందు రేడియేషన్ శుద్ధి జరగాలి, ఆపైన విమాన కిరాయి పండు ధరను మించిపోతుంది. 2022లో మహారాష్ట్ర మామిడిని శుద్ధి చేసి, చలి కంటైనర్‌లో ఉష్ణోగ్రతతో పాటు లోపలి గాలిని కూడా అదుపులో ఉంచి ఓడలో పంపి చూశారు. ముంబయి నుంచి న్యూజెర్సీ చేరడానికి సుమారు 25 రోజులు పట్టింది. బంగినపల్లికీ అదే దారి పట్టాలంటే కోత రోజు నుంచి లెక్క మొదలవ్వాలి: చెట్టు మీద ఎంత ముదిరిన కాయ కోశారు, డిపోకు ఎన్ని గంటల్లో చేరింది, కంటైనర్ తలుపు మూసేలోపు ఎంత చల్లబడింది.