దిగుడులో ఇంజనే బ్రేకు

“తిరుమల కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందా?” అని అమలాపురం పాఠకుడొకరు అడిగారు. కాలవగట్ల వెంట, బల్లపరుపు రోడ్ల మీద డ్రైవింగు నేర్చిన మన గోదావరి జిల్లాల వాళ్లకు రావలసిన సందేహమే. అలిపిరిలో టోల్ కట్టి ఎక్కేది 1974 నాటి రెండో ఘాట్. దిగేది 1944 నాటి పాత ఘాట్, మెలిక మీద మెలిక.

మిగలదు. పైగా ప్రాణాపాయం. 1,200 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తికి సుమారు నాలుగు లీటర్ల మామూలు నీళ్లు మరిగే దాకా వస్తాయి. తిరుమల ఎత్తు అందుకు ఎన్నో రెట్లు. అదంతా బ్రేకుల్లో వేడిగా మారితే ప్యాడ్లు పట్టు వదిలేస్తాయి. తేమ పీల్చుకున్న బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడితే, ఎంత తొక్కినా పెడల్ కిందికి పోతుందే తప్ప బండి ఆగదు.

గేరులో ఉంచి కాలు తీసేయండి, అప్పుడు చూడండి ఇంజన్ చేసే అద్భుతం! సిలిండర్లో గాలి నొక్కుకోవడం వల్లే వేగం తగ్గుతుందని అనుభవమున్న డ్రైవర్లు కూడా చెబుతుంటారు. అది తప్పు. నొక్కిన గాలి స్ప్రింగులా పిస్టన్‌ను వెనక్కి తోసి, తీసుకున్న శక్తిలో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది. పెట్రోలు ఇంజన్లో అసలు పని గాలి రాకను అడ్డుకునే థ్రాటిల్ పలకది. అది మూసుకోగానే లోపల గాలి పలచబడుతుంది. కిందినుంచి మామూలు వాతావరణ పీడనం తోస్తుంటే, దానికి ఎదురుగా పిస్టన్‌ను లాగాల్సిన భారం చక్రాల మీద పడుతుంది. ఆ సమయంలో ఇంజన్లోకి పెట్రోలు చుక్క కూడా పడదు, కంప్యూటర్ ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగకుండా ఉండడానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. కార్బురేటర్ల కాలపు లెక్కను ఇప్పటి బండ్లకు వర్తింపజేయడం వల్లే ఈ పొరపాటు.

డీజిల్ లారీలకు సాధారణంగా ఈ థ్రాటిల్ పట్టు ఉండదు. 1931లో డీజిల్ ఇంజన్ల తయారీదారు క్లెసీ కమిన్స్ అమెరికాలోని కహోన్ కనుమ దిగుతుండగా లారీ బ్రేకులు చాలక, ఎదురుగా పట్టాలు దాటుతున్న రైలును వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ భయాన్ని ఆయన మరిచిపోలేదు. గాలి పూర్తిగా నొక్కుకున్న క్షణంలో ఎగ్జాస్ట్ వాల్వు తెరిచేసి, ఆ స్ప్రింగు తిరిగి తోయకుండా చేసే బ్రేకును కనిపెట్టాడు. 1961లో అది మార్కెట్లోకి వచ్చింది.

ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగండి. మారేడుమిల్లి ఘాట్‌కూ ఇదే లెక్క. అమెరికాలో 14,115 అడుగుల పైక్స్ పీక్ టోల్ రోడ్డు మీద దిగే బండ్లను మధ్యలో ఆపి బ్రేకుల వేడి కొలుస్తారు. వేడెక్కితే చల్లారేదాకా కదలనివ్వరు. మన ప్రతి ఘాట్‌లోనూ అలాంటి కొలత ఎప్పుడో మొదలుకావలసింది.