ఒకే గుడ్డ - వేర్వేరు చొక్కాలు

అన్నకు కుట్టిన చొక్కా తమ్ముడికి సరిపోతుందా? సరిపోదు. అదే గుడ్డ చేతిలో ఉంటే, ఎవరి కొలతకు వారు కుట్టించుకోవచ్చు. కంప్యూటర్ ప్రోగ్రాముల సంగతీ ఇంతే!

సి వంటి భాషలో మనిషి రాసిన ప్రోగ్రామును 'సోర్స్ కోడ్' అంటారు. యంత్రానికి ఆ భాష తెలియదు. దానికి తెలిసినవి 0, 1 అంకెలతో కూడిన ఆజ్ఞలే. సోర్స్‌ను ఆ ఆజ్ఞలుగా మార్చే దర్జీయే 'కంపైలర్'.

అయితే ఒక్కో రకం ప్రాసెసర్‌కు ఆజ్ఞలు ఒక్కో రకం. ఫైలు తెరవమని అడిగే పద్ధతి విండోస్‌లో ఒకటి, లినక్స్‌లో మరొకటి. అందుకే ఒకదానికోసం తయారైన ప్రోగ్రాము రెండోదానిలో నేరుగా నడవదు. సోర్స్ ఉంటే అక్కడి కంపైలర్‌తో మళ్ళీ తయారుచేసుకోవచ్చు. తేడా ఉన్నచోట కొన్ని పంక్తులు మార్చవలసి రావచ్చు.

1973లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను సి భాషలో తిరగరాశారు. అందువల్లనే తరువాత దానిని ఇతర యంత్రాలకు మార్చటం సులువైంది. 1987లో వెలువడిన జి.సి.సి. అనే కంపైలర్ సోర్స్ కూడా అందరికీ దొరుకుతుంది.

మరి, ప్రోగ్రాము అమ్మిన సంస్థ మూతపడితే? సోర్స్ రహస్యమైతే, కొత్త యంత్రాలు వచ్చాక ఆ ప్రోగ్రాము మూలపడవచ్చు. గుడ్డ మన దగ్గరుంటే మళ్ళీ కుట్టించుకోవచ్చు కదూ!