మీకు తెలుసా? శవయాత్రలో కదిలిన చెక్క లాంఛనాలు

ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో, తూంపెయా గుట్ట మీద సెయింట్ మేరీ కెథడ్రల్ ఉంది. లోపలికి వెళ్లి తలెత్తి చూస్తే గోడల మీద వందకు పైగా కొయ్య వంశ లాంఛనాలు. రంగులతో, బంగారు పూతతో మెరిసిపోతుంటాయి. కొన్ని మనిషి ఎత్తును మించినవి. చర్చి అందం కోసం చేయించారనుకుంటాం. కానీ ఇవి చావుకు చేయించినవి!

17వ శతాబ్దంలో టాలిన్ స్వీడన్ ఏలుబడిలో ఉండేది. ప్రభువుల ఇంట్లో పెద్దమనిషి పోతే శిల్పి చేత వంశ లాంఛనం చెక్కించి, శవపేటికతో పాటు ఊరేగింపుగా తెచ్చేవారు. ఖననం ముగిశాక చర్చి గోడకు ఎక్కించేవారు. నడుమ డాలు, పైన శిరస్త్రాణం, చుట్టూ మెలికలు తిరిగే ఆకులు. పోయినవాడు సేనాని అయితే ఫిరంగులు, జెండాలు, ఢంకాలు కూడా చేరేవి. పేరు, హోదా, మరణ తేదీ రాయించేవారు. అందుకే వీటిని శిల్పాలుగా చూసి వదిలేయకూడదు, చదవాలి. స్వీడన్‌లో మరో కఠినమైన ఆచారం ఉండేది: వంశంలో ఆఖరి మగవాడు పోతే, అందరి ఎదుటా ఆ లాంఛనాన్ని పగలగొట్టేవారు. ఆ వంశం అంతరించిందని చాటింపు అన్నమాట.

1684లో పెద్ద అగ్నిప్రమాదం తూంపెయాను కాల్చేసింది. చర్చిలోని కొయ్య సామగ్రి బూడిదైంది. ఆ కొయ్య పనిని మళ్లీ నిలబెట్టినవాడు క్రిస్టియన్ అకెర్మన్. కోనిగ్స్‌బర్గ్ నుంచి వచ్చిన ఈ శిల్పికి ఊళ్లోని వడ్రంగుల సంఘంతో పడేది కాదు. అహంకారి అని వాళ్లు ఫిర్యాదు చేశారు. దిగువ పట్నం సంఘాల పెత్తనం గుట్ట మీద చెల్లేది కాదు కాబట్టి, అక్కడ నిశ్చింతగా పని చేసుకున్నాడు. 1686 నాటి ప్రసంగ వేదిక, 1696 నాటి బలిపీఠం అతని చేతివే. అతనిలాంటి బరోక్ శిల్పులకు లిండెన్ కలప అంటే ప్రీతి. మెత్తగా, సన్నని పోగుతో ఉండి, ఉలి ఎటు తిప్పినా పెచ్చులూడదు. లాంఛనాల చుట్టూ ఉండే ఆకుల అంచులను అంత పల్చగా తేవడం దానివల్లే సాధ్యమైంది.

1770లలో చర్చిలోపల ఖననాలను నిషేధించారు. అయినా లాంఛనాలు ఎక్కించడం ఆగలేదు. గోడల మీద 20వ శతాబ్దానివి కూడా ఉన్నాయి.