కంగారూ శబ్దవిచారము

పొట్టసంచిలోఁ బిల్లను మోసికొనుచు, వెనుకకాళ్లతో దుముకుచుఁ బోవు ఆస్ట్రేలియా జంతువును మనము కంగారూ యందుము. తొట్రుపాటునకు మనము వాడు కంగారు శబ్దముతో దీనికి సంబంధము లేదు. ఈ పేరు పుట్టిన విధమునుగూర్చి పాఠశాలలలో నొక కథ చెప్పుట వాడుక. ఆంగ్లనావికులు జంతువును జూపి పేరడుగఁగా, నచటివాఁ డొకఁడు తన భాషలో “నాకుఁ దెలియదు” అనెననియు, నా మాటయే జంతువునకుఁ బేరయ్యెననియు నా కథ. వినుట కింపుగా నున్నను నిది సత్యము కాదు. దీనిని విమర్శించినచో యాత్రికులు వ్రాసికొనిన పదముల నెట్లు పరీక్షింపవలెనో తెలియును గావున నిచ్చట సంగ్రహముగా వివరించుచున్నాను.

1770వ సంవత్సరము జూన్ 11వ తేది రాత్రి జేమ్స్ కుక్ నడుపుచున్న ఎండెవర్ అను నోడ ఆస్ట్రేలియా యీశాన్యతీరమునఁ బవడపుదిబ్బకుఁ దగిలి చిల్లిపడెను. నావికులు బరువులను సముద్రమునఁ బాఱవైచి, నీరు తోడుచు, నోడను కేప్ యార్క్ ద్వీపకల్పమునందలి యొక నదీముఖమునకుఁ జేర్చిరి. నేఁటి కుక్‌టౌన్ పట్టణ మచ్చటనే యున్నది. అది భూమధ్యరేఖకు దక్షిణమున సుమారు పదునేనున్నర డిగ్రీల దూరమున నున్న యుష్ణప్రదేశము. గూగు యిమిథిర్ అను భాషను మాటలాడు జనుల నివాసభూమి. ఓడను బాగుచేసికొని ఆగస్టు 4వ తేదిని వెడలువఱకు నావికు లేడువారము లచ్చట నుండిరి. జూలై 10వ తేదిని స్థలజనులతోఁ బరిచయము కలిగెను. 14వ తేదిని గోర్ అను నధికారి యొక కంగారూను దుపాకితోఁ గొట్టెను. ప్రకృతిశాస్త్రజ్ఞుఁడైన జోసెఫ్ బ్యాంక్స్, చిత్రకారుఁడైన సిడ్నీ పార్కిన్సన్ మొదలగువారు జనుల నడిగి మాటలు వ్రాసికొనిరి. ఇంటికిఁ దిరిగి వచ్చుచుండఁగా 1771 జనవరిలో పార్కిన్సన్ సముద్రముమీఁదనే మరణించెను. అతని దినచర్య 1773లో నచ్చుపడెను.

సందేహమునకు మూలము పిదప వచ్చిన వారి యనుభవములు. 1788లో ఆంగ్లేయులు ఇప్పటి సిడ్నీ ప్రాంతమున స్థిరపడి, యచటి జనులతో నీ పదమును వాడిరి. ఆ తావు ఎండెవర్ నదికి రెండువేల కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది, భాషయు వేఱు. అచటివారు కంగారూ యనునది యింగ్లీషుమాట యని తలంచిరి. ఓడలో వచ్చిన యావులను జూచి యొకఁడు “ఇవి కంగారూలా?” యని యడిగినట్లు వాట్కిన్ టెంచ్ వ్రాసియున్నాఁడు. తరువాత 1820లో ఫిలిప్ పార్కర్ కింగ్ ఎండెవర్ నదికే పోయి మరల విచారింపఁగా, నా జంతువునకు “మిన్హ” యను మాటకు దగ్గఱగా నుండు వేఱొక పదము లభించెను. ఇంతటితోఁ గుక్ బృందము పొరపడెనను నభిప్రాయము వ్యాపించెను. “తెలియదు” అను కథకు నిదియే యాధారము.

1970వ దశకమున జాన్ హావిలండ్ అను భాషాశాస్త్రజ్ఞుఁడు హోప్‌వేల్ గ్రామమున నా జనులతోఁ గలసియుండి, వారి భాషను నేర్చి, పాతపట్టికలను శోధించెను. కన్నునకు మీల్, చేతికి మంగల్ మున్నగు పదము లా పట్టికలందలివి నాఁటికిని వాడుకలో నుండెను. కంగారూ సంగతియు నట్లే. ఆ భాషలో “గఙుర్రు” అనఁగా కంగారూలలో నొక పెద్దజాతి. “మిన్హ” యనఁగాఁ దినుటకుఁ దగిన జంతువు, దాని మాంసము. ఒకరు విశేషనామమును, మఱియొకరు సామాన్యనామమును జెప్పిరి. ఇరువురును సత్యమే పలికిరి. మన యడవిలో లేడిని జూపి యడిగిన విదేశీయునితో నొకఁడు లేడి యనియు, నొకఁడు మృగమనియుఁ జెప్పవచ్చును గదా. సంస్కృతమున మృగశబ్దము జంతుసామాన్యమునకును లేడికిని జెల్లుచున్నది. తప్పు చెప్పినవారిది కాదు. ఒక జాతిపేరును కంగారూల కన్నిటికి నంటఁగట్టిన వారిది.

ఉచ్చారణమునందలి మార్పునకును గారణము కలదు. ఆ భాషలోఁ బరుషసరళములకు భేదము లేదు. క యన్నను గ యన్నను నొకటియే వర్ణము. కావుననే యాంగ్లేయుల చెవికి మొదటి యక్షరము కకారముగా వినఁబడెను. నడుమ నున్నది శుద్ధమైన ఙకారము. దానివెంట గకారము లేదు. మన వర్ణమాలలో నుండియు స్వతంత్రముగాఁ బలుకఁబడని యా యక్షర మచ్చట నిత్యవ్యవహారమున నున్నది. ఆంగ్లేయులు దానికి గకారమును జేర్చి పలికిరి.

అయినను బదములు దొరకినంతమాత్రమున జనుల మర్యాద తెలియదు. జూలై 19వ తేదిని స్థలజను లోడమీఁద నున్న సముద్రపుతాఁబేళ్లలో నొకదాని నడిగిరి. తమ నీటిలోఁ బట్టినదానిలోఁ దమకు భాగము కలదని వారి భావమని యా జనుల పెద్దలు నేఁడు చెప్పుచున్నారు. నావికు లీయకపోఁగా వారు గడ్డికి నిప్పంటించిరి, కుక్ తుపాకి కాల్చెను, ఒకఁడు గాయపడెను. పిమ్మట నొక వృద్ధుఁడు మొన లేని యీఁటెను జేతఁబట్టి వచ్చి సంధిచేసెను. కన్నునకును జేతికిని బేళ్లు వ్రాసికొనినవారికి భాగధర్మము తెలియలేదు.

ఆ జనులు 1942లోఁ బ్రభుత్వముచే దూరదక్షిణమునకుఁ దరలింపఁబడి, పెక్కుమందిని గోల్పోయి, 1949 మొదలు తిరిగివచ్చిరి. అట్టి దుర్దశకు లోనయ్యును వారు భాషను విడువకుండుటచేతనే రెండువందల యేండ్లకు మీఁదట నీ సందేహము తీఱెను. పట్టికలో నుండు పదమునకు సాక్షి పలుకువాని నోరే. “తెలియదు” అను కథ మన యజ్ఞానమును దెలిసి చెప్పినవానిపై మోపుచున్నది. పండితులు విద్యార్థులకు దీనిని జెప్పుట మాని, సత్యమును బోధింతురుగాక.