మత్తు మాన్పించాలంటే డప్పును సీసా నుంచి విడదీయాలి

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాని కిందికి దాదాపు 5,500 ఎకరాలు పోయాయి. పొలం పనులు పోయిన చుట్టుపక్కల వాడలకు మిగిలింది షిఫ్టు పనులు, అడ్డా కూలి. షిఫ్టు దిగితే కల్లు కాంపౌండ్, బెల్టు షాపు. ‘వాళ్ల బతుకే అంత’ అనేవాళ్లకు ఈ లెక్క పట్టదు.

అమెరికా మూలవాసులైన లకోటాల గురించీ ఇదే మాట అన్నారు. వాళ్ల పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో మద్యం నిషేధం. కానీ సరిహద్దు దాటగానే ఉండే వైట్‌క్లే అనే చిన్న ఊళ్లోని దుకాణాలు ఏటా లక్షల బీరు డబ్బాలు అమ్మేవి. ఏళ్లపాటు పోరాడితే 2017లో మూతపడ్డాయి. మరోవైపు పెద్దలు తమ భాష, గుర్రాలు, ఇనిపీ అనే ఆవిరి క్రతువు తోడుగా పిల్లల్ని, వాళ్ల కుటుంబాల్ని మత్తు నుంచి బయటికి తెస్తున్నారు. సారా బయటినుంచి వచ్చింది, మనది కాదు అని వాళ్లు చెప్పగలరు.

మనకు అంత సులువు కాదు. బోనాలకు కల్లు సాక పోస్తాం. చావు దగ్గర డప్పు కొట్టినవాళ్లకు మందు పోయిస్తారు. డప్పు మనదే. కూలికి బదులు సీసా చేతిలో పెట్టడం మాత్రం కులం కట్టిన రేటు. సంస్కృతితో మత్తు మాన్పిస్తామనేవాళ్లు ముందు ఈ రెండింటినీ విడదీయాలని మేము అంటాం.

ఈ పని మనకు కొత్తేం కాదు. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి, వాడల్లో హరికథలు చెప్పించారు. తాగుడు మానమన్నది ఆయన ఉద్యమంలో ముఖ్యమైన మాట. జనానికి తెలిసిన కథారూపంలోనే చెప్పారు. నెల్లూరు జిల్లా దూబగుంటలోనూ రాత్రి బడి పాఠం మీద ఆడవాళ్ల చర్చే సారా దుకాణం దాకా వెళ్లింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది.

అయితే కథలు, పాటలు చేయలేని పని ఒకటుంది. చెట్టు దిగిన కల్లు వేరు, అల్ప్రాజోలం, డైజిపాం కలిపిన కాంపౌండ్ కల్లు వేరు. దానికి అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, పిచ్చి చూపులు, ఫిట్స్ వస్తాయి. ప్రాణమే పోవచ్చు. 2015లో దాడులు జరిగి కల్తీ కల్లు ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు ఇలాంటివాళ్లతో నిండాయి. అందుకే ఇంట్లో కట్టేయడం, ఒట్టు వేయించడం పనికిరావు. డాక్టరు మందు ఇస్తూ మెల్లగా తగ్గించాలి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది, 14446 హెల్ప్‌లైన్ ఉంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాకే వాడ పని మొదలవుతుంది. సాయంత్రం కాంపౌండ్‌కు పోయే వేళకు అతన్ని డప్పు సాధనకు పిలవాలి, భార్యాపిల్లల్నీ కూర్చోబెట్టాలి. బయట డప్పుకు పిలుపు వస్తే కూలి డబ్బుగానే ఇవ్వాలని బృందం ముందే మాట్లాడుకోవాలి.