సుగంధరాజ గడ్డ: పువ్వు అయిపోయిందని పారెయ్యొద్దండి

జనవరిలో, ఆగస్టులో లాల్‌బాగ్ పూల ఎగ్జిబిషన్‌కు పోయి వచ్చినోళ్ళు, ఫోనులో బొమ్మలు చూసినోళ్ళు ఈ మధ్య ఒక నీలం పువ్వు గురించి అడగతా ఉన్నారు. గ్రేప్ హయసింత్ అంటారు దాన్ని. జానెడు కాడ, దాని కొనకు చిన్న చిన్న నీలం పూసలు గుత్తిగా ఉంటాయి. మన చిక్కబళ్ళాపురం తోటల్లో కాసే బెంగళూర్ బ్లూ ద్రాక్ష గుత్తిని చిటికెన వేలంత చేసి తలకిందులుగా నిలబెట్టినట్ల ఉంటుంది. ఆ గడ్డ తెచ్చి ఇంట్లో పెంచొచ్చునా అని వాళ్ళ ప్రశ్న.

పెంచొచ్చు. కానీ అది టర్కీ, గ్రీసు దిక్కు పుట్టిన గడ్డ. మూడు నెలలు గట్టి చలిలో పడుకుంటే తప్ప పూయదు. మన దగ్గర డిసెంబరు రాత్రులు ఎంత వణికించినా తెల్లారి ఎండ కాస్తుంది, ఆ చలి దానికి చాలదు. అందుకని సెప్టెంబరులోనే ఫ్రిజ్జులో పెట్టాల. ఐసు గట్టే పై అరలో కాదు, కింద కూరగాయల అరలో, కాగితం సంచిలో, 12 వారాలు. పక్కన ఆపిల్, అరటిపండు ఉండకూడదు. పండ్లు మాగేటప్పుడు వచ్చే గాలికి గడ్డ లోపలి మొగ్గ చెడిపోతుంది. సంచి మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. చూసేదానికి సాంబారు ఉల్లిగడ్డ మాదిరే ఉంటుంది, తెలియనోళ్ళు తాలింపులో వేసేస్తారు. ఇట్లాంటి పూల గడ్డలు తినేవి కావు. ఇంత చేసినాక పూసేది రెండు మూడు వారాలు, మరుసటి ఏడు మళ్ళీ ఫ్రిజ్జు. ఫ్రిజ్జులో పాలకు, పిండికే జాగా చాలని మన ఇండ్లకు ఇది సరిపడదని నా లెక్క.

మన వాతావరణానికి తగిన గడ్డ సుగంధరాజ. ఆంధ్ర దిక్కు లిల్లీ అంటారు, నేలసంపెంగ అంటారు. నిజం చెప్పాలంటే ఇదీ మెక్సికో నుంచి వచ్చిందే. అయితే ఇది చలి అడగదు, ఎండ అడగతాది. మన జిల్లాలో సేవంతి, గులాబి, చెండుపూలతో పాటు దీన్నీ పొలంలో పెడతారు. పొలం పంట అనుకుంటాం గాని కుండీలో బాగా వస్తుంది. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలో ఉండే తోట పంటల పరిశోధన సంస్థ మంచి రకాలు ఇచ్చింది. శృంగార్, ప్రజ్వల్ ఒంటి రేకువి, వాసన ఎక్కువ. సువాసిని ముద్ద పువ్వు, వైభవ్ సగం ముద్ద, చూసేదానికి అందం. ఇంట్లోకి నేనైతే ఒంటి రేకే చెప్తా.

ఉగాది దాటినాక నాటాల. పది అంగుళాల కుండీకి మూడు గడ్డలు చాలు. గడ్డ గట్టిగా, కోడిగుడ్డులో సగమన్నా ఉండాల. ఎర్రమన్ను రెండు పాళ్ళు, బాగా మాగిన పేడ ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు. ఒక పిడికెడు వేపపిండి కలిపితే ఇంకా మంచిది. కుండీ అడుగున బెజ్జం తప్పకుండా ఉండాల, దాని మీద పెంకు ముక్క పెట్టండి. గడ్డను మొలక పైకి చూసేటట్ల రెండంగుళాల లోతులో పెట్టి మన్ను కప్పండి. మూడు నెలలు దాటినాక కాడ లేస్తుంది, కొంచెం వెనకా ముందు.

మన లైను ఇండ్లలో కష్టమంతా ఎండదే. లోపల కిటికీ కాడ పెడితే ఆకు పొడుగ్గా వాలిపోతుంది, పువ్వు రాదు. రోజుకు ఆరు గంటల ఎండ కావాల. మెట్ల మీద, కాంపౌండు గోడ మీద, మిద్దె మీద, యాడ ఎండ పడితే ఆడ పెట్టండి. రేకుల కప్పు మీద మాత్రం వద్దు, ఎండాకాలం కింది నుంచి కాగి వేరు ఉడుకుతుంది. కాడకు కింది మొగ్గలు విచ్చేటప్పుడు లోపలికి తెచ్చుకోవచ్చు. దీని వాసన పొద్దుగూకినాకనే లేస్తుంది.

నీళ్ళ సంగతి స్పిన్నింగులో చేసినోళ్ళకు సులభంగా తెలుస్తుంది. గాలిలో తేమ తగ్గితే దారం తెగతాది, ఎక్కువైతే రోలరుకు చుట్టుకుంటాది. గడ్డా అంతే. వేలు పెట్టి చూసి పైమన్ను ఒక అంగుళం ఆరితేనే పోయండి. బాగేపల్లి, చింతామణి దిక్కు బోరు నీళ్ళు గట్టివి, కుండీ మన్ను మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ఆ పొర గీకి తీసి, వానొచ్చినప్పుడు కుండీని వానలో పెట్టండి, ఉప్పు అడుగు నుంచి దిగిపోతుంది. ఫిల్టరు మిషను కాడ వదిలేసే నీళ్ళు ఊరికే వస్తాయని చెట్లకు పోసేవాళ్ళు ఉన్నారు. దాంట్లో ఉప్పు ఇంకా ఎక్కువ, పోయొద్దు.

ఒక మాట గట్టిగా చెప్పాల. మనలో చానా మంది బ్లోరూములో, కార్డింగులో పత్తి దూళి మింగి వచ్చినోళ్ళం. సెలవు అయ్యి మిల్లులో కాలు పెట్టిన మొదటి రోజు రొమ్ము బిగబట్టేది గుర్తుండే ఉంటుంది. డాక్టర్లు దాన్ని బిస్సినోసిస్ అంటారు, చట్టంలో కార్మికుల జబ్బుల పట్టీలో కూడా ఉంది. అట్లాంటి రొమ్ము ఉండేవాళ్ళకు మూసిన చిన్న గదిలో ఘాటు వాసన పడకపోవచ్చు, దగ్గు లేస్తుంది. పడుకునే ముందర కుండీని వాకిట్లో పెట్టేయండి. తలుపు సందులోంచి వచ్చే వాసన చాలు. మీ ఇంట్లో పెద్దాయన వద్దు అని నోరు తెరిచి చెప్పకపోవచ్చు, కోడండ్లే చూసుకోవాల.

ఇంక అసలు సంగతి. కాడ ఎండినాక చానా మంది కుండీని బాత్రూము వెనక పడేస్తారు, లేకుంటే గడ్డను పీకి చెత్తలో వేస్తారు. ఒక గడ్డ ఒక్కసారే పూస్తుంది, అది నిజమే. కానీ దాని చుట్టూ అప్పటికే పిల్లగడ్డలు పుట్టి ఉంటాయి. కాడను మాత్రం కింద కోసేయండి, ఆకు కోయొద్దు. పువ్వు అయినాక ఆ ఆకే ఎండ తాగి పిల్లలకు బలం పెడుతుంది. నెలకు ఒకసారి పేడ నీళ్ళు పోయండి. చలికాలం వచ్చి ఆకు పసుపు తిరిగితే నీళ్ళు తగ్గిస్తా వచ్చి ఆపేయండి. ఆకు ఎండినాక కుండీ బోర్లించి, మన్ను దులిపి, పిల్లల్ని విడదీసి, నీడలో ఆరబెట్టండి. పాత చీర గుడ్డలో మూట కట్టి గాలి ఆడేచోట వేలాడదీస్తే నెలా నెలన్నర ఉంటాయి. ఈ మూట మీద కూడా పేరు రాయాల.

విడదీసేటప్పుడు వేర్లు చూడండి. వేర్ల మీద ముడులు ముడులుగా ఉబ్బి ఉంటే అది కంటికి కనపడని పురుగు పని, ఆ మన్ను మళ్ళీ వాడొద్దు. ఆకుల మొదట్లో తెల్ల దారాలు, వాటి మధ్య ఆవగింజల మాదిరి గోధుమరంగు గుండ్లు కనపడితే అది బూజు, ఆ గడ్డను మన్నుతో సహా తీసి దూరంగా పడేయాల. మెత్తబడిన గడ్డలూ అంతే.

మిగిలిన వాటిలో పెద్దవి ఉగాది దాటినాక మళ్ళీ కుండీలోకి. గోలీకాయంతవి ఆ ఏడు పూయవు, వట్టి ఆకే వేస్తాయి. వాటిని వేరే డబ్బాలో, పాత పెయింటు డబ్బా అయినా సరే, దగ్గర దగ్గరగా నాటి పెట్టుకోండి. గడ్డ ఊరితే మరుసటి ఏటికి కాడ లేస్తుంది. కుండీలు చాలకుంటే పక్క లైనులో అడిగినోళ్ళకు నాలుగు ఇవ్వండి.