కొండ దిగడంలోనే ఉంది నేర్పు

పరుగంటే చదును నేల మీదే అనుకుంటాం కదూ? కొండదారిన పరుగెత్తేవాళ్ళూ ఉన్నారు. స్కాట్లండులో ఎడింబరో నగరం నడుమ హోలీరూడ్ పార్కు ఉంది. అందులో ఆర్థర్స్ సీట్ అనే రాతి శిఖరం ఎత్తు 251 మీటర్లు. సుమారు 34 కోట్ల ఏళ్ళ కిందట రగిలిన అగ్నిపర్వతం తాలూకు శేషమది. ఆ ఊరికి చదువుకోడానికి వెళ్ళిన మీ అమ్మాయి ఈ పరుగుకు సరదాపడితే వద్దనకండి. ఈ నాలుగు మాటలూ చెప్పండి.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే నడవాలి. అది చిన్నతనమేమీ కాదు. ఆరితేరినవాళ్ళూ నిటారు దారిలో నడుస్తారు.

అసలు చిక్కు దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు తొడ ముందరి కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడో, సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. దానితో కండరంలో సన్నని చిరుగులు పడతాయి. ఆ పూట ఏమీ తెలియదు. రెండోనాడు మెట్లు దిగబోతే తెలుస్తుంది! కొద్దికొద్దిగా అలవాటు చేస్తే ఆ నొప్పి తగ్గుతుంది. పెద్ద అంగలు వేయకూడదు. మోకాళ్ళు కాస్త వంచి, పొట్టి అడుగులు వెయ్యాలి. చూపు పాదాల మీద కాక, కొంచెం ముందు దారి మీద ఉండాలి.

శిఖరం దగ్గరి రాళ్ళు జనం తొక్కి తొక్కి నున్నబడ్డాయి. వాన పడితే జారతాయి. పైన గాలీ ఎక్కువే. అక్కడ పరుగు మాని, చేతులు ఆనించి ఎక్కాలి. రాయి మరీ తడిగా ఉంటే, శిఖరం నాలుగు బారల దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. శిఖరం రేపూ అక్కడే ఉంటుంది. చీలమండ బెణికితే మాత్రం వారాల తరబడి మూల కూర్చోవాలి. క్షేమంగా ఇల్లు చేరితేనే పరుగు పూర్తయినట్టు.